ఆ భుజం ఎవరిది?

మందుల షాపు జెసువాల్దో ఆ ఫొటోల ముందు నిలబడటం ఆ వారంలో ఆరోసారి. ఖండించాలంటే క్షుణ్ణంగా చూడాలి కదా.

ఊరి గ్రంథాలయం హాల్లో తొమ్మిది నలుపు తెలుపు ఫొటోలు. ముఖం ఎక్కడా లేదు. ఒకదాంట్లో మెడ వంపు. ఒకదాంట్లో జారిన వస్త్రం, దాని పైన భుజం. మరోదాంట్లో నడుము. తీసింది బడిపంతులమ్మ నూంజియా. పేర్లేమీ పెట్టలేదు. గుమ్మం దగ్గర ‘భక్తితో’ అని మాత్రం రాసింది.

ఆ ఒక్క మాటకే జెసువాల్దోకు ఒళ్ళు మండింది. ఆయన చర్చి భక్తసంఘానికి అధ్యక్షుడు. సిసిలీ కొండల్లోని ఆ ఊళ్ళో ఆడవాళ్ళ గౌరవం ఇరవై ఏళ్ళుగా ఆయన చేతుల మీదుగానే నడుస్తోంది. ఇది స్త్రీజాతికి అవమానం, దైవానికి అపచారం అని కరపత్రం వేయించాడు. అది చదివాక, పుట్టి బుద్ధెరిగి గ్రంథాలయం గడప తొక్కనివాళ్ళు కూడా వరస కట్టారు.

అందరిదీ ఒకటే ప్రశ్న: ఆ ఆడమనిషి ఎవరు? సంఘం పెద్దలు భూతద్దం తెచ్చుకున్నారు. ఒకాయన తన తోడల్లుడి భార్య అన్నాడు. తోడల్లుడు ఆయనతో మాటలు మానేశాడు. చివరికి అందరూ కలిసి రొట్టెల కొట్టు ఫిలిప్పా అని తేల్చారు. మొగుడు పోయిన మనిషి, పైగా గట్టిగా నవ్వుతుంది. ఇంకేం సాక్ష్యం కావాలి? మర్నాటి నుంచి ఆమె రొట్టెలు కొట్లోనే ఎండిపోయాయి. పండగ ఊరేగింపులో కొవ్వొత్తి పట్టే వరసలోంచి ఆమె పేరు కొట్టేశారు.

ఫిలిప్పా పిండి చేతులతోనే మందుల షాపుకొచ్చింది. షాపు నిండా జనం.

“అది నా భుజమేనని మీరే గుర్తుపట్టారట. ఎప్పుడు చూశారో మీ ఆవిడ ముందు చెప్పండి, జెసువాల్దో గారూ.”

ఆయన భార్య చేతిలోని దగ్గుమందు సీసా కింద పెట్టి ఆయనవైపు తిరిగింది. ఆవిడ ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉందని ఊళ్ళో అంటారు.

ఇక లాభం లేదని, ఆదివారం పూజ అవగానే చర్చి మెట్ల మీద అందరి ముందూ ఆయన నూంజియాను నిలదీశాడు. చిన్నప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అని పిలిచే పిల్లే.

“పేరు చెప్పవే. నీ ఉద్యోగం జోలికి రాం.”

“చెబితే ఆవిణ్ణేం చేస్తారు బాబాయ్?”

“చర్చిలోంచి వెలి. ఒక్క పూట కూడా ఉండనివ్వం.”

“ఎవరైనా సరేనా?”

“నా కన్నకూతురైనా సరే.”

కాగితం మీద పెట్టమంది. పెట్టాడు. అలా ఒళ్ళు చూపించిన మనిషి ఈ చర్చి కప్పు కింద ఉండటానికి వీల్లేదని రాసి, పెద్దలందరి చేతా సంతకాలు చేయించాడు. పైకి చదివాడు కూడా. గొంతు బాగా పలికింది. జనంలో ఫిలిప్పా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమెవైపు ఒకసారి ఓరగా చూశాడు.

నూంజియా ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

“అయితే తాళ్ళూ, పదిమంది బలమైనవాళ్ళూ కావాలి బాబాయ్, మూడొందల ఏళ్ళుగా మనూరంతా మోకరిల్లుతున్న పాలరాతి మగ్దలేన మరియమ్మను పీఠం మీంచి దించాలంటే.”