మూసిన ట్రెయిలర్

సెప్టెంబరు ఎనిమిది. ఆ మధ్యాహ్నం తిన్నది మారెన్‌కు ఇప్పటికీ గుర్తే: చిల్లీ అనే కారపు బీన్స్ కూర, అందులో ముంచుకున్న దాల్చినచెక్క తీపి రొట్టె. సగం రొట్టె చేతిలో ఉండగానే కారును వరుసలోకి జరపబోయింది. వెనక ఖంగుమంది. యాక్సిల్ విరిగింది.

"అయిపోయింది," అంటూ నేలమీద చతికిలబడింది. పాత ఎయిర్‌ఫీల్డు కాంక్రీటు చుర్రుమంది. ఆ ఏడాదికి ఇదే చివరి పోటీ. దారికి గుర్తుగా పెట్టిన కోన్ల మధ్య, ఒక్కటీ పడగొట్టకుండా తీయాల్సిన పరుగు ఇంకొక్కటి మిగిలి ఉంది. అందులో కోయిల్ కన్నా వేగంగా వస్తే కప్పు తనది. లేకపోతే ఏడాది శ్రమంతా గంగపాలే.

కోయిల్ వంగి కారు కిందికి చూశాడు. "నిన్ను ఓడించాలి గానీ ఇలా కాదు. హార్లన్ పెద్దాయన్ని అడుగు. నా రేడియేటర్ ఆయనిచ్చిందే. మన డాబ్స్ కారు స్టార్టరూ అంతే."

ఆ క్లబ్బులో అదొక ఆనవాయితీ. ఎదుటివాడి కారు ఆగితే మన స్పేరిచ్చి నడిపించి, ఆ తర్వాతే ఓడించాలి. అందరివీ ఒకే రకం రెండు సీట్ల బుల్లి కార్లు కాబట్టి ఎవరి సామాను ఎవరికైనా సరిపోతుంది.

హార్లన్ ఆ వసంతంలోనే క్లబ్బులో చేరాడు. ప్రతి పోటీకీ తన ట్రక్కు వెనక మూసిన ట్రెయిలర్ లాక్కొస్తాడు.

"యాక్సిలా?" కాసేపు ట్రెయిలర్ వంకే చూశాడు. "ఉంది. ఒక్కటే మిగిలింది."

"మరి మీ కారుకి అవసరం పడదా బాబాయ్?"

"దానికేం తొందర్లేదులే."

"ఎందుకుంటుంది!" కోయిల్ నవ్వాడు. "ఈ ఏడు ఒక్కసారైనా కిందికి దించితే కదా! ఇంత దూరం లాక్కొస్తావు, మళ్ళీ లాక్కుపోతావు. కారుకి విహారయాత్రా పెద్దాయనా?"

"నడిపేది మా ఐరిస్. నేను లాక్కొచ్చేవాణ్ణే."

"మరి ఆవిడేదీ?"

"ఈ ఏడు రాలేకపోయింది."

వేళ్ళకున్న ఉంగరాలు రెండూ తీశాడు. చిటికెన వేలిది మరీ చిన్నది. జాగ్రత్తగా చొక్కా జేబులో వేసుకుని, ట్రెయిలర్ లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. చాలాసేపు సుత్తి దెబ్బలు, బోల్టుల కీచుమోతలు.

"స్పేరు వెతకడానికి ఇంత చప్పుడా?" అన్నాడు కోయిల్.

"అడుగున పడి ఉంటుందిలే," అంది మారెన్.

మోచేతుల దాకా గ్రీజుతో హార్లన్ బయటికొచ్చాడు. ముగ్గురూ కలిసి బిగించారు. జాకీ పట్టింది కోయిలే.

"కోన్ల వంక చూడకమ్మాయ్. వాటి మధ్య ఖాళీనే చూడు. ఐరిస్ మాట ఇది," అన్నాడు హార్లన్.

మారెన్ ఖాళీనే చూసింది. ఒక్క కోనూ పడలేదు. కోయిల్ కన్నా వెంట్రుకవాసి తక్కువ సమయంలో ముగించేసింది.

"నా చేతుల్తో నేనే బిగించానే, నాకిదేం ఖర్మ!" అని నెత్తి కొట్టుకుని, అందరికన్నా ముందు వచ్చి కౌగిలించుకుంది కోయిలే. అతను రెండు, డాబ్స్ మూడు. కప్పులు అందుకుంటున్నంతసేపూ హార్లన్, ఆ ముగ్గురూ తన ఇంటి మనుషులైనట్టు తలెత్తుకుని నిలబడి చప్పట్లు కొట్టాడు.

చీకటి పడుతుండగా మారెన్ మిగిలిన రొట్టెలు పట్టుకెళ్ళింది. ట్రెయిలర్ తలుపు ఓరగా ఉంది. లోపల దీపం. హార్లన్ గొంతు.

"నీ కారు సామానుతో ముగ్గురూ ముగింపు గీత దాటారు ఐరిస్. ముగ్గురూ!"

ఆవిడ వచ్చిందన్నమాట! మారెన్ సంబరంగా తొంగిచూసింది. చూసి, అక్కడే ఆగిపోయింది.

హార్లన్ దిగివచ్చాడు. రొట్టెలు అందుకుని కళ్ళతోనే నవ్వాడు. లోపలెవరో నిద్రపోతున్నట్టు మెల్లగా తలుపు మూశాడు.

అన్నీ విప్పేసిన ఆ కారులో మిగిలింది ఐరిస్ ఖాళీ సీటొక్కటే.