గోడ మీద గీత

రంగుల మేస్త్రీకి కుడి భుజం ఆపరేషన్ అయింది. గోడ మీద వేళ్లను సాలీడులా పైకి నడిపించమన్నాడు డాక్టరు. అవి ఆగినచోట భార్య రోజూ పెన్సిల్‌తో గీత పెట్టేది. పైకప్పులకు రంగులేసిన ఆ చెయ్యి, ఇప్పుడు స్విచ్‌బోర్డు ఎత్తు దాటడానికే నానా తంటాలూ పడుతోంది. పైకప్పు అందకపోతే మేస్త్రీని పనికి పిలిచేదెవరు?

అయినా, "నిన్నటి గీత దాటేశా, చూశావా!" అంటూ రోజూ మీసం దువ్వేవాడు.

ఒక ఉదయం కిటికీలోంచి ఎండ గోడ మీద ఏటవాలుగా పడింది. నిన్నటి గీతకు బెత్తెడు పైన, రబ్బరుతో రుద్దినచోట రంగు నున్నగా మెరిసింది. అలాంటివి మేస్త్రీ కంట పడకుండా పోవు.

"ఏమే, ఇలా రా! నేను వెళ్లగానే గీత చెరిపేసి కిందికి దించుతున్నావా? రోజూ గెలుస్తున్నానని నమ్మించి చంటిపిల్లాడిలా ఆడిస్తున్నావా నన్ను?"

వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది భార్య.

"దించానండీ. మీరు మునివేళ్ల మీద లేస్తున్నారుగా. మడమలు ఎంత లేస్తే అంత దించాను."

మేస్త్రీ గతుక్కుమన్నాడు. కానీ తగ్గితే పరువేం కావాలి?

"మునివేళ్లా? నేనా? ఇదిగో, ఇక్కడిదాకా వచ్చింది నా వేలు! ఇక్కడిదాకా!" అంటూ చెరిపిన చోట కుడిచేతి వేలితో టకటకా పొడిచాడు.

ఆమె వేలిని చూడలేదు. అతని కాళ్లకేసి చూసింది. మడమలు రెండూ నేలకు అతుక్కుని ఉన్నాయి.

"చెయ్యి దించారంటే ఊరుకోను, అలాగే ఉండండి!" అని గరిటె అతని ఎడమచేతిలో పెట్టి, పెన్సిల్ కోసం పరుగెత్తింది.