మెడలో బ్యాడ్జి

సారికకి వచ్చిన విదేశీ ఆహ్వానాన్ని తన పేరు మీదకి మార్చుకోవాలని తీర్మానించుకోవడానికి ప్రిన్సిపాల్ ఉదయ్‌కుమార్ గారికి ఒక పెసరట్టు తిన్నంతసేపు పట్టింది. అదీ అల్లం ముక్కలు ఏరి పక్కన పెట్టడం వల్ల ఆలస్యమైంది.

కాకినాడలో ఆయన ప్రిన్సిపాల్‌గా ఉన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సారిక జువాలజీ చెబుతుంది. రొయ్యల తెగుళ్ల మీద మూడేళ్లపాటు చెరువుగట్లన్నీ తిరిగి ఒక పేపరు రాసింది. దాన్ని ఆ విషయం తెలిసిన నలుగురి ముందు తన నోటితో తానే చదవాలన్నది ఆమె కోరిక. చదవాలంటే వెళ్లాలి, వెళ్లాలంటే ప్రిన్సిపాల్ సెలవివ్వాలి. ఆయన ఇవ్వరు. రెండేళ్ల కిందట జీవరాజు మాస్టారికి సింగపూర్ నుంచి పిలుపొస్తే, బీపీ ఉన్న మనిషికి విమానం పడదని ఆపేసి, మాస్టారి పేపరు పట్టుకుని తానే వెళ్లొచ్చారు. చేపల గుడ్ల మీద పేపరది. ప్రిన్సిపాల్ గారు చదువుకున్నది కామర్స్.

ఈసారి పిలుపు బిష్కెక్ నుంచి. అంతర్జాతీయ రొయ్యల సదస్సు. సారిక ఆ మెయిల్ ప్రింటు తీసి, సెలవు చీటీతోపాటు ఆయన బల్ల మీద పెట్టింది.

"బాగుందమ్మా. కానీ ఆడపిల్లవి, ఒక్కదానివే అంత చలిలోకి ఎలా వెళ్తావు? కాలేజీ పరువు కూడా చూసుకోవాలి కదా," అన్నారాయన, ఆ ప్రింటు మడిచి తన జేబులో పెట్టుకుంటూ.

"మీరు వెళ్తే ఇంకా గౌరవమండి," అంది సారిక.

పేరు మార్చమని నిర్వాహకులకి తానే రాస్తానంది. మర్నాటికే ఉదయ్‌కుమార్ గారి పేరుతో కొత్త ఆహ్వానం వచ్చింది. వీసా కూడా ఆన్‌లైన్‌లో ఆమే పెట్టించింది. ఇంత తేలిగ్గా లొంగిపోయినందుకు స్టాఫ్ రూమంతా ఆమె మీద జాలిపడింది. జీవరాజు మాస్టారికైతే ఒళ్లు మండి, మాట్లాడటమే మానేశారు.

ఇక ఉదయ్‌కుమార్ గారు సలహాల దుకాణం తెరిచారు. సింగపూర్ చూసొచ్చిన మనిషాయె. ఆయన స్టాఫ్ రూములో అడుగుపెట్టగానే తక్కినవాళ్లకి క్లాసులు గుర్తొచ్చేవి. సారిక మాత్రం కుర్చీ ముందుకి లాక్కుని కూర్చునేది. ఎయిర్‌పోర్టుకి ఎంత ముందు వెళ్లాలి, ఇమిగ్రేషన్‌లో ఏం అడుగుతారు, మందులు ఏ సంచిలో పెట్టాలి, ఫోను ప్లగ్గు పట్టకపోతే ఏం చెయ్యాలి అని గుచ్చి గుచ్చి అడిగేది. ఇలాంటి శిష్యురాలు దొరకడం పూర్వజన్మ సుకృతమని ఆయన పొంగిపోయారు.

మూడు గంటల ముందే వెళ్లి కూర్చోవాలి. ఆవకాయ సీసా చేతిసంచిలో పెడితే లాక్కుంటారు, నాలుగు కవర్లు చుట్టి పెద్దపెట్టెలో పడెయ్యాలి. మందులతోపాటు డాక్టరు చీటీ ఉండాలి. అధికారి ఏదైనా అడిగితే అడిగినదానికే జవాబు చెప్పాలి తప్ప, మన గోదావరి మర్యాద కొద్దీ "తమరిదే ఊరండీ" అని మొదలుపెట్టకూడదు. ఇవన్నీ మంచి సలహాలే, కాదనడానికి లేదు.

"అసలు పేపరు చదవడం ముఖ్యం కాదమ్మా, ఫోటో ముఖ్యం. మెడలో బ్యాడ్జి ఉందనుకో, ఎక్కడైనా మనమే రాజులం. దాన్ని మాత్రం తియ్యకూడదు," అన్నారొకసారి.

ఆయన తియ్యలేదు మరి. సింగపూర్ బ్యాడ్జితోనే రాజమండ్రిలో దిగి, దారిలో ద్రాక్షారామంలో ఆగి, భీమేశ్వరస్వామికి కూడా చూపించి ఇంటికొచ్చారు.

ప్రయాణానికి ముందు ఒక్క చిక్కు మిగిలింది. ప్రిన్సిపాల్ ఊళ్లో లేనన్నాళ్లూ ఎవరో ఒకరికి ఇన్‌ఛార్జ్ ఇవ్వాలి. సుద్దముక్కల నుంచి సెలవుల దాకా అన్నిటికీ ఆ మనిషి సంతకమే చెల్లుతుంది. సీనియారిటీ ప్రకారం అది జీవరాజు మాస్టారిది. కానీ ఆయన ఆ కుర్చీలో ఒకసారి కూర్చుంటే మళ్లీ లేవరని ఉదయ్‌కుమార్ గారి అనుమానం. దొంగకి అందరూ దొంగలే. నోట్లో నాలుక లేనిది సారికే అని తేల్చుకుని, ఆమెకి ఇన్‌ఛార్జ్ అప్పగించారు. కాలేజీ ఖర్చుతో గేటుకి తన ఫ్లెక్సీ కట్టించి, తిరిగొచ్చేదాకా విప్పొద్దని చెప్పి విమానమెక్కారు.

బిష్కెక్‌లో మంచు కురుస్తోంది. ఆహ్వానంలో ఉన్న హోటలైతే ఉంది, సదస్సు లేదు. కౌంటర్లో వాళ్లకి ఈయన ఇంగ్లీషు అర్థం కాలేదు. అంతలో లాబీలో తెలుగు వినబడి ఆయన ప్రాణం లేచొచ్చింది. పిఠాపురం అమ్మాయి రమ్యశ్రీ, అక్కడ ఎంబీబీఎస్ చదువుతోంది. ఆమెనే అడిగారు.

"ఇక్కడ రొయ్యల సదస్సేంటండీ? ఈ దేశానికి సముద్రమే లేదు కదండీ," అంది రమ్యశ్రీ.

బ్యాడ్జి లేదు, ఫోటో లేదు. టికెట్టు కొన్న యాజమాన్యానికి ఏం చూపించాలి? సారికకి ఫోను చేశారు.

"ఎవరో మనల్ని మోసం చేశారమ్మా. ఆ మెయిల్ పంపినవాళ్లకి నువ్వు వెంటనే రాయి."

"రాయడం దేనికండి, పంపింది నేనే," అంది సారిక తాపీగా. ఆమె వెనక ఏదో విమానం గురించి మైకులో చెబుతున్నారు.

"నువ్వా? ఎక్కడున్నావు నువ్వు?"

"హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో అండి, వియత్నాం వెళ్తున్నాను. అసలు రొయ్యల సదస్సు అక్కడే, టికెట్టు వాళ్లే పంపించారు. మీరు చెప్పినట్టే మూడు గంటల ముందొచ్చి కూర్చున్నాను, ఆవకాయకి నాలుగు కవర్లు చుట్టాను. కాలేజీ జీవరాజు మాస్టారు చూసుకుంటున్నారండి, మీ కుర్చీలోనే."

ఉదయ్‌కుమార్ గారు "నా సంతకం లేకుండా నీకు సెలవెవరిచ్చారు?" అని అరిచారు.

"మీరు పెట్టిన ఇన్‌ఛార్జ్ ప్రిన్సిపాల్ గారండి," అంది సారిక.