పొట్టి స్ప్రింగులు

ఆ ఉదయం కూడా, నాన్న నోట ఒక్క మాట వినిపించమని ప్రార్థించుకుని, ఆయనకు చొక్కా బొత్తాలు పెట్టి కారెక్కించి, పక్కనే కూర్చున్నాను. పక్షవాతంతో మాట పడిపోయినప్పటి నుంచి వారం వారం డాక్టరు దగ్గర మాటల అభ్యాసం చేయిస్తున్నాం. "అ" కూడా రాలేదు.

కారు తమ్ముడిది. అందం కోసం పొట్టి స్ప్రింగులు వేయించి నేలబారుగా దించాడు. కింద ఏదో చప్పుడవుతోందని దారిలో షెడ్డు దగ్గర ఆపాడు.

మెకానిక్ చక్రం వెనక టార్చి వేసి చూశాడు. "షాక్ అబ్జార్బర్లు పోయాయి సార్, ఆయిలు కారుతోంది. స్ప్రింగు పొట్టిదైతే ఇవి ఎప్పుడూ సగం కుంగే ఉంటాయి. గుంతొస్తే ఇంకా కుంగడానికి చోటేదీ? అడుక్కి కొట్టుకుని చస్తాయి. పాత స్ప్రింగులే వేసేయండి."

"విన్నావా సోకులరాయుడూ?" అన్నాను.

"రేపే మార్పిస్తాలే అక్కా."

షెడ్డు దాటగానే గుంత. కారు ధడేల్మంది. నా పక్కనుంచి గొంతు వినిపించింది.

"గాడిదా! చూసి నడుపు!"

నేను దేవుణ్ణి అడిగిన మాట అది కాదు. అయినా చేతులు జోడించాను.

తమ్ముడు కారు ఆపేశాడు. "అక్కా, నన్నేనా?" అన్నాడు.

"ఇంకెవరున్నారురా ఇక్కడ?"

ఆ సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని తేల్చుకున్నాం. షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేయిస్తాం, పోతే మళ్లీ వేయిస్తాం. పొట్టి స్ప్రింగులు మాత్రం తీయం. ఇకపై డాక్టరు దగ్గరికి గుంతల దారినే వెళ్తాం.

నాన్న వద్దని తల అడ్డంగా ఊపారు.

నోటితో చెబితేనే వింటామన్నాం.