కుర్చీ ప్రశ్న

"కాస్త జరగమ్మా."

పక్కన ఎవరో కూలబడేసరికి తొందరమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

తొందరమ్మ ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. నెల ముందే పుట్టిందిట. అప్పటినుంచి ఆ కాళ్ళు ఒకచోట నిలిచిన పాపాన పోలేదు. ఇప్పుడు సైన్సు మ్యూజియం వరండాలో, కుర్చీ అంచున కూర్చుని మోకాళ్ళు ఆడిస్తోంది.

లోపల ఇంటర్వ్యూలు. మ్యూజియం చూడవచ్చినవాళ్ళకు సైన్సు విడమరిచి చెప్పే ఉద్యోగం, ఉన్నది ఒక్కటే. ఇదీ తప్పితే రేపటినుంచి బావగారి బకెట్ల కొట్టే గతి.

"పరమాణువు లోపలంతా ఖాళీ... నట్టనడుమ కేంద్రకం..." మళ్ళీ గొణగడం మొదలెట్టింది.

"ఖాళీయా?" అంది పక్కనావిడ. నడివయసు. ఒళ్ళో చేతిసంచీ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అవునండీ."

"కుర్చీ అంతా పరమాణువులేగా? నేనూ అంతేగా? మరి నేను దీంట్లోంచి జారి కింద పడలేదేం?"

"ఆంటీ, నన్ను చదువుకోనివ్వండి."

"చదువుకో తల్లీ. కానీ పడలేదేం?"

ఎక్కడ దొరికిందిరా ఈ జిడ్డు అనుకుంది తొందరమ్మ.

"ఎలక్ట్రాన్లు ఆపుతాయి."

"అవి పూసల్లాంటివి కదూ? అంత ఖాళీలో నాలుగు పూసలు నన్ను మోస్తాయా? నా లావు చూశావా?"

తొందరమ్మకు ఒళ్ళు మండింది. లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచి కిటికీ దాకా వెళ్ళింది. ఫ్యాను గాలికి కిటికీ తెర అలలు అలలుగా ఊగుతోంది.

"పూసలు కావండీ!" దాదాపు అరిచింది. "ఈ తెరలాంటిది లోకమంతా పరిచి ఉంది. క్షేత్రం అంటారు. దాంట్లో లేచిన అలే ఎలక్ట్రాన్. కేంద్రకం చుట్టూ మబ్బులా పరుచుకుని ఉంటుంది. అలాంటిదే ఇంకోటి అదే చోటికి వస్తానంటే ఒప్పుకోదు. అందుకే మీరు పడలేదు!"

"అల లేనిచోట?"

"అల లేకపోతే తెర మాయమవుతుందా? అప్పుడూ సన్నగా వణుకుతూనే ఉంటుంది."

"నీ మోకాళ్ళలాగా," ఆవిడ నవ్వింది. "అయితే ఖాళీ అనే మాట ఇంక అనకు."

"సరే గానీ, మీ పని మీరు చూసుకోండి ఆంటీ!"

అంతలో బంట్రోతు పిలిచాడు. తొందరమ్మ వెనక్కి చూడకుండా లోపలికి దూసుకెళ్ళింది.

బల్లకు అవతల పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "పరమాణువు లోపల ఖాళీ అంటారు కదా. మరి నేను ఈ కుర్చీలోంచి జారి కింద పడనేం?"

తొందరమ్మ మోకాళ్ళు టక్కున ఆగిపోయాయి.

ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది. వరండాలోకి పరుగెత్తుకొచ్చింది. కుర్చీలో ఎవరూ లేరు.

"ఇక్కడ కూర్చున్నావిడ ఏరండీ?" బంట్రోతును అడిగింది. "ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకు ఏమిటమ్మా? నీలాగే ఈ ఉద్యోగానికే వచ్చింది. నీకు ముందు లోపలికెళ్ళి, పాపం, ఆ కుర్చీ ప్రశ్నకే నీళ్ళు నమిలి, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది."