పన్నెండింటి సైరన్

“ఇది వాచీలో వేసే బ్యాటరీ బిళ్ల బాబాయ్. సైజు సరిపోయింది గానీ, మీ చెవి మిషనుకు కావలసిన పవర్ దీనికి లేదు,” అంది మల్లేశ్వరి గొంతు పెంచి. ఒంగోలులో చెవి మిషన్లు అమ్మే కొట్టు ఆమెది.

“వాచీ షాపాయన రెండూ ఒకటే అన్నాడమ్మా. నిన్న సరిగ్గా సైరన్ టైముకి ఆగిపోయింది,” అన్నాడు కోటిలింగం.

“ఏం సైరనండీ?”

కోటిలింగం మాట దాటేశాడు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పదిహేనేళ్లు డ్రిల్లు పట్టి చెవులు పోగొట్టుకున్న సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. మిషను కనపడకుండా తలపాగా చుట్టేవాడు. ఇప్పుడతని పని జెండా ఊపడం. రోజూ పన్నెండింటికి, రాయి పేల్చేముందు సైరన్ మోగుతుంది. లోతు గుంతలో పనిచేసే నలుగురికి అది వినపడదు. గట్టు మీద కోటిలింగం విని, ఎర్రజెండా ఊపితేనే వాళ్లు పైకొస్తారు. నిన్న ఎదురు గట్టు మీద జనం పరిగెత్తడం కంటపడబట్టి సరిపోయింది. లేకపోతే? ఆ నలుగురూ కిందే ఉండిపోయేవాళ్లు.

“మీ మిషనుకు 675 నంబరు వేయాలి. నీలం స్టిక్కర్ ఉంటుంది చూడండి. స్టిక్కర్ పీకి, ఒక్క నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టాలి,” అంటూ మల్లేశ్వరే వేసిచ్చింది. నెత్తిన ఫ్యాను రొద చెవిలో పడింది. తిరుగు బస్సులో కండక్టర్ విజిల్ కూడా వినపడింది. కోటిలింగం కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

పదకొండున్నరకి క్వారీ గట్టు మీదికి చేరాడు. పేల్చే వేళయిందని డ్రిల్లు మిషన్లన్నీ ఆపేశారు. ఎదురు గట్టు మీద ఇవాళ ఒక్క మనిషి లేడు. గుంతలో జాన్ బాషా, కోటిరత్నం, ఇంకో ఇద్దరు వంగి రాళ్లు ఏరుతున్నారు.

వాచీ చూసుకున్నాడు. పన్నెండుకి రెండు నిమిషాలు. ఒక నిమిషం. పన్నెండయింది.

ఏమీ లేదు.

చెవి పక్కన చిటిక వేశాడు. ఆ చప్పుడు తెలిసింది చెవికో, వేళ్లకో అర్థం కాలేదు. ఈ బ్యాటరీ కూడా పోయిందా? సైరన్ మోగి ఆగిపోయిందా? ఊరికే ఊపితే ఎందుకూపావంటాడు మేస్త్రి. చెవుడు బయటపడుతుంది, పని పోతుంది. కింద కోటిరత్నం కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

కోటిలింగం రెండు చేతులా జెండా ఊపాడు. “రండి, పైకి రండి,” అని గొంతు చించుకున్నాడు.

చివరగా జాన్ బాషా బండచాటుకి చేరాడో లేదో, కాళ్లకింద నేల అదిరింది. దుమ్ము తగ్గాక చూస్తే, వాళ్లు ఇందాక వంగి ఉన్నచోట లారీ అంత రాయి పడి ఉంది.

మేస్త్రి దుర్గాప్రసాద్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. నలుగురినీ ఒక్కొక్కరినే తడిమి చూశాడు.

కోటిలింగం తలపాగా తీసి చెవి చూపించాడు.

“నన్ను తీసేయండి మేస్త్రిగారూ. నాకు చెవుడు. కొత్త బ్యాటరీ వేసినా సైరన్ వినపడలేదు. టైము చూసి ఊపానంతే.”

దుర్గాప్రసాద్ ఉన్నచోటే కూలబడ్డాడు.

“కరెంటు పోయిందని చూసుకోకుండా టైముకి పేల్చేశారు. ఇవాళ సైరన్ మోగలేదు, కోటిలింగం.”