జోడీ నమూనా

"చాచా, పిడికిలి బిగించు. జెర చురుక్కుమంటది."

జాన్ సాహెబ్ పిడికిలి బిగించాడు. రాంగోపాల్‌పేట్‌లోని ఆ పరిశోధన కేంద్రంలో రక్తం తీసే అమ్మాయి వసుధ. మూడు నెలలకోసారి వచ్చే ఈ పూట కోసం ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్ళివారింటికి బయల్దేరినట్టు కాప్రా నుంచి వస్తాడు.

"పోయినసారి నా ప్రొటీన్ ఎట్లున్నది బేటీ?"

"పెరగలేదు చాచా. గట్లనే ఉన్నది."

"జెర సుత పెరగలేదా?" ఆయన మొహం చిన్నబోయింది.

"అందరు తగ్గాల్నని మొక్కుతరు. నువ్వేంది గిట్ల?"

"పెరిగితే నెలనెలా రమ్మంటరేమోనని."

వసుధ నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ ప్రొటీన్ సంగతి ఆయనకు చెప్పింది వసుధే. అది అందరి కిడ్నీ కణాల్లోనూ ఉంటుందట. ఈ జబ్బులో మితిమీరి పెరిగి, కణాలను పాడుచేసి రక్తంలోకి కారుతుందట. దాన్ని కొలిస్తే జబ్బు ఎంత ముదిరిందో తెలుస్తుంది. దాని నోరు నొక్కే మందు దొరికితే జబ్బు ఆగుతుంది. అందుకే ఇక్కడ మొగుడూ పెళ్ళాలను జోడీగా చేర్చుకుంటారు. జబ్బు ఒకరిది, పోల్చి చూడడానికి రక్తం రెండోవారిది. ఒకే వంటింటి తిండి, ఒకే నల్లా నీళ్ళు కాబట్టి తేడా తేలిగ్గా తెలుస్తుందని వాళ్ళ లెక్క.

"చాచీ ఈసారి సుత రాలేదేంది?"

"బోయిన్‌పల్లిల చెల్లెలింటికి పోయింది."

"ఫోన్ జేస్తే ఎత్తదు."

"రసూల్ బీకి ఫోనంటేనే పడదు. నీకు తెల్వదా ఆమె తిక్క?"

"సరే, ఖుష్ ఖబర్ చెప్తా విను. ఆ ప్రొటీన్‌ను ఆపే మందు ఎలుకల మీద మంచిగ పనిచేసిందంట. వచ్చే ఏడాది మనుషులకు షురూ చేస్తరు. ముందుగాల మన చాచీకే."

జాన్ సాహెబ్ మోచేతి మడతలో దూదిని ఇంకా గట్టిగా నొక్కిపట్టుకున్నాడు.

"వచ్చే ఏడా? గింత లేటా బేటీ!"

"పరేషాన్ గాకు చాచా. కానీ వచ్చేసారి చాచీ రావాలె. ఇద్దరు రాకుంటే పేరు తీసేయమన్నడు డాక్టర్ సారు."

ఇంటి క్షేమం అడిగే నోరు ఆయనకు ఇదొక్కటే మిగిలింది. ఇదీ పోతే ఇక గోడలతోనే ముచ్చట్లు.

"తోలుకొస్త. కాళ్ళు పట్టుకోనైనా తోలుకొస్త."

రక్తం ఇచ్చినవాళ్ళకు బిస్కెట్ పొట్లం ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. వసుధ రెండు ఇచ్చింది. "నీకొకటి, చాచీకొకటి."

ఆయన రెండూ జేబులో వేసుకున్నాడు.

ఇంటికి చేరి తాళం తీసి, ఎప్పటిలాగే ఉప్పు వేయకుండా కూర వండుకున్నాడు. ఒక్కడే తిన్నాడు. సూది గుచ్చిన చోట ఇంకా కొంచెం నొప్పిగా ఉంది. అది కూడా తోడుగానే అనిపించింది. పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు చేసి చేతులు చాపాడు.

"యా అల్లా, ఈసారన్న నాకు సుత పెరగనీ."

ఆ జబ్బు రసూల్ బీని పోయిన రంజాన్‌కు ముందే తీసుకుపోయింది.